గజ్జెలు కట్టుకుంటుంది, వేదిక మాత్రం ఎక్కనంటోంది

ప్రశ్న: మాది కావలి. మా పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి చదువుతోంది. ఏడాదిన్నరగా కూచిపూడి నేర్చుకుంటోంది. ఇంట్లో అద్దం ముందు పాట మొదటి నుంచి చివరి వరకు తప్పు లేకుండా చేస్తుంది. మొన్న దసరాకు మా వీధి పందిట్లో గురువుగారు ఆరుగురు పిల్లలతో నాట్యం చేయించారు. మా పాప రెండు అడుగులు వేసి బిగుసుకుపోయింది. ఏడుస్తూ వేదిక దిగి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. అందరూ నవ్వారు. మా మరిది అదంతా ఫోనులో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఇప్పుడు ఉగాదికి నెల్లూరు టౌన్‌హాల్లో గురువుగారి శిష్యులందరి ప్రదర్శన ఉంది. ఇంకా ఇరవై నాలుగు రోజులే. నాట్యం క్లాసు ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. మాన్పించేద్దాం అంటారు మావారు. ఈసారి ఎక్కించకపోతే ఇక జన్మలో ఎక్కదు అంటారు మా అత్తగారు. ఏం చేయమంటారు?

- ఒక తల్లి, కావలి

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఉగాది గురించి. నా మనసు మాత్రం దసరా దగ్గరే ఆగిపోయింది. పాప ఏడుస్తూ దిగింది, అందరూ నవ్వారు, మరిది వీడియో తీశాడు, అది బంధువులందరికీ చేరింది. మీరు ఆ సంగతులు గబగబా చెప్పేసి ఉగాదికి వచ్చేశారు. పాప ఇంకా ఆ పందిట్లోనే ఉంది.

ఆరేళ్ల పిల్లకు వేదిక అంటే నాలుగు బల్లలు, ఒక పరదా, రంగు దీపాలు. అవి భయపెట్టే వస్తువులు కావు. నాట్యం అన్నా భయం లేదు, అద్దం ముందు తప్పు లేకుండా చేస్తోందని మీరే రాశారు. ఆ పిల్లను భయపెడుతున్నది నవ్వు. మళ్లీ నవ్వుతారేమో, మళ్లీ ఫోనులో తీస్తారేమో, పండక్కి వచ్చిన ప్రతి అత్తా ప్రతి పిన్నీ మళ్లీ ఆ మాటే ఎత్తుతారేమో అని. మూడేళ్ల పిల్లలు ఎవరు చూస్తున్నా పట్టించుకోకుండా గెంతుతారు. అయిదారేళ్లు వచ్చేసరికి, ఎదుటివాళ్ల కళ్లలో తాము ఎలా కనిపిస్తున్నామో పిల్లలకు తెలియడం మొదలవుతుంది. అది ఎదుగుదలే. ఆ ఎదుగుదల మొదలైన రోజుల్లోనే మీ పాపకు నలుగురి నవ్వు ఎదురైంది.

అందుకని ఈ ఇరవై నాలుగు రోజుల్లో మొదటి పని పాపకు అప్పగించేది కాదు, పెద్దవాళ్లు చేయవలసింది. మీ మరిదితో మాట్లాడండి, లేదా మీవారితో మాట్లాడించండి. ఆ వీడియో గ్రూపులో నుంచి, ఫోనులో నుంచి తీసేయాలి. అంతకంటే ముఖ్యం, అతను పాప దగ్గర కూర్చుని ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పాలి: "నువ్వు ఏడుస్తుంటే నేను వీడియో తీశాను. అది తప్పు. నీకు బాధేసి ఉంటుంది. తీసేశాను, ఇంకెప్పుడూ అలా చేయను." అంతే చాలు. దానికి వెంట చాక్లెట్ అక్కర్లేదు, "సరదాగా చేశానులే" అనే తోక అసలే వద్దు. పెద్దవాళ్లు చిన్నపిల్లలకు క్షమాపణ చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేని పని. బాబాయి చిన్నబుచ్చుకోవచ్చు. అయినా చేయించండి. నేను చెప్పబోయే మిగతావన్నీ దీని తర్వాతే పని చేస్తాయి. గాయం మీద దుమ్ము తుడవకుండా పసుపు రాస్తే ఏం లాభం?

మీరు కూడా ఆ రోజు సిగ్గుతో కాస్త నవ్వి ఉంటే, లేదా ఇంటికి వెళ్లాక విసుక్కుని ఉంటే, ఆ సంగతి మీరే ఎత్తి పాపతో మాట్లాడండి. "ఆ రోజు నాకూ కంగారు పుట్టింది. నిన్ను దగ్గరకు తీసుకోవాల్సింది" అనండి. పిల్లలు ఇలాంటి మాటలు మరిచిపోరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా ఒంగోలులో పిల్లలకు కూచిపూడి నేర్పాను. తొలి రోజుల్లో ఒక గుడి ఉత్సవంలో ఏడేళ్ల పిల్ల ఒకతి తెర పక్కన నిలబడి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వదలలేదు. పాట మొదలైంది. భుజం మీద చెయ్యి వేసి ఆ పిల్లను వేదిక మీదకు నెట్టాను. వెళ్లింది. ఆడింది కూడా, చక్కగానే ఆడింది. చప్పట్లు మోగాయి, వాళ్ల నాన్న నాకు దండం పెట్టారు. తర్వాతి వారం నుంచి ఆ పిల్ల క్లాసుకు రాలేదు. రెండుసార్లు ఇంటికి వెళ్లి పిలిచాను, తలుపు వెనుక నుంచి బయటకు రాలేదు. ఆ పిల్ల కాళ్లలో ఉన్న తాళజ్ఞానం మళ్లీ ఎక్కువమంది పిల్లల్లో చూడలేదు. ఒక సాయంకాలం ప్రదర్శన గడవడం కోసం అది పోగొట్టాను. ఆనాటి నుంచి ఏ పిల్లనూ నెట్టలేదు.

మీ ఇంట్లో జరుగుతున్న వాదనకు ఇదే నా జవాబు. మాన్పించేద్దాం అంటున్న మీవారు పాప బాధ చూడలేక అంటున్నారు. అయితే భయపడ్డ చోటికి వెళ్లడం మానేసిన కొద్దీ భయం ఇంట్లో పెరిగి పెద్దదవుతుంది. వెళ్లి చూస్తే తప్ప అది అంత పెద్దది కాదని తెలిసే దారి లేదు. అందుకని మీ అత్తగారి మాటలోనూ నిజం ఉంది. కానీ ఆవిడ చెప్పినట్టు ఎక్కించి తీరాలని పట్టుబడితే నేను చేసిన తప్పే మీ ఇంట్లో జరుగుతుంది. మధ్యలో ఒక దారి ఉంది. పాపను వేదిక వైపు చిన్న చిన్న అడుగులతో నడిపించడం, ఏ అడుగు దగ్గరైనా "ఇంక చాలు" అనే హక్కు ఆమె చేతిలో ఉంచడం. ఆ హక్కు నిజంగా ఇవ్వాలి. మాటకు ఇచ్చి, ఆ రోజు వచ్చేసరికి లాక్కోకూడదు.

ముందు కడుపునొప్పి సంగతి. అది నాటకం కాదు. భయం వేసినప్పుడు ఒంట్లో ఎడ్రినలిన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తం కండరాల వైపు మళ్లుతుంది, అరుగుదల మందగిస్తుంది. అరచేతులు చల్లబడతాయి, నోరు ఎండుతుంది, మాటిమాటికీ బాత్రూముకు వెళ్లాలనిపిస్తుంది. పెద్దవాళ్లం దాన్ని "టెన్షన్" అంటాం. ఆ మాట తెలియని పిల్ల "కడుపునొప్పి" అంటుంది. "నీకేం నొప్పి లేదు, నటిస్తున్నావు" అంటే, తన ఒళ్లు చెప్పేది తానే నమ్మకూడదని ఆ పిల్లకు నేర్పినట్టవుతుంది. "నొప్పిగా ఉందా, ఎక్కడ?" అని అడిగి పొట్ట మీద చెయ్యి వేసి కాసేపు కూర్చోండి. ఆ తర్వాత క్లాసుకు వెళ్లవచ్చు, కావాలంటే ఆ రోజుకు చూడటానికి మాత్రమే వెళ్లవచ్చు. నొప్పి క్లాసు లేని రోజుల్లో కూడా వస్తున్నా, రాత్రి నిద్రలో లేపుతున్నా, జ్వరమో వాంతులో ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించండి. బడిలో కూడా నోరు విప్పడం లేదని, బడికే వెళ్లనంటోందని, అది నెల దాటినా తగ్గడం లేదని అనిపిస్తే, దాన్ని వేదిక భయంగా చూడకూడదు. పిల్లల మనస్తత్వ నిపుణులను కలవాలి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 నుంచి ఉంది, 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. మీ ఉత్తరం చదివితే నాకు అలా అనిపించలేదు. అయినా చెప్పి ఉంచడం మంచిది.

ఇక అడుగుల సంగతి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కుందేలును చూస్తే కెవ్వుమనే పీటర్ అనే చిన్న పిల్లవాడి భయం పోగొట్టిన తీరు రాసిపెట్టారు. పిల్లవాడు ఇష్టమైనది తింటూ ఉండగా, కుందేలు పంజరాన్ని గదిలో దూరంగా పెట్టేవారు. అతను కలవరపడకపోతే మరోసారి కొంచెం దగ్గరకు. భయం లేని పిల్లలను కూడా అతనితో పాటు ఆ గదిలో ఉంచేవారు. చివరికి పీటర్ ఆ కుందేలును నిమిరాడు. "కుందేలు ఏమీ చేయదురా" అని వందసార్లు చెప్పడం వల్ల జరిగింది కాదది. దూరం కొంచెం కొంచెం తగ్గించడం వల్ల, పక్కన తోటిపిల్లలు ఉండటం వల్ల జరిగింది. వందేళ్ల తర్వాత కూడా పిల్లల భయాలకు వైద్యులు వాడే దారి దాదాపు ఇదే.

మీ పాపకు కుందేలు ఎవరంటే, చూసే జనం. వాళ్లను కొంచెం కొంచెంగా దగ్గరకు తేవాలి. దీనికి మన కూచిపూడిలోనే ఒక చక్కని వస్తువు ఉంది, తెర. భామాకలాపంలో సత్యభామ ప్రవేశం మీకు తెలిసే ఉంటుంది. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని తెర నిలబెడతారు. సత్యభామ దాని వెనుక ఉంటుంది. ముందు తన పొడవాటి జడను తెర మీదుగా ఇవతలకు వేస్తుంది. ముఖం కనబడేది ఆ తర్వాతే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా ఆడిన రోజుల్లో ఆ జడ కోసమే జనం కాచుకుని కూర్చునేవారు. ఎంత గొప్ప నటులైనా ఒక్కసారిగా జనం ముందుకు ఊడిపడనక్కర్లేదని, కొంచెం కొంచెంగా రావడంలోనే అందం ఉందని మన పెద్దలు ఎన్నడో కనిపెట్టారు.

ఇంట్లో ఒక దుప్పటి తీసుకోండి. ఒక కొస మీరు, మరో కొస మీవారు పట్టుకోండి. మీ అత్తగారు ఎదురుగా చాప మీద కూర్చుంటారు. పాప దుప్పటి వెనుక ఉంటుంది. మొదటి రోజు గజ్జెల చప్పుడు మాత్రం వినిపించమనండి. ముఖం చూపించనక్కర్లేదు. రెండో రోజు గజ్జెలు వినిపించి, జడ ఇవతలకు వేయమనండి. జడ పొట్టిదైతే సవరం కట్టండి, అదే ఒక సంబరం. ఆ మర్నాడు చేతులు, వేళ్లతో పట్టిన ముద్రలు. తర్వాత కళ్లు. తెర ఎప్పుడు దించాలో చెప్పేది పాపే. "ఇప్పుడు" అంటే దించాలి, అనకపోతే పట్టుకుని నిలబడాలి. చేతులు నొప్పి పుట్టినా సరే. దసరా రోజు పాప చేతిలో ఏమీ లేదు. ఈ ఆటలో తెర ఆమె మాట వింటుంది. నా అనుభవంలో, పిల్లలు రెండు మూడు రోజుల్లోనే విసిగిపోయి "తెర తీసేయండి, నేను ఆడాలి" అంటారు. కొందరికి వారం పడుతుంది. తొందరపెట్టకండి.

మీ అత్తగారికి ఈ ఆటలో పెద్ద పాత్ర ఇవ్వండి. ఆవిడ పట్టుదల ఇలా మంచిదారి పడుతుంది. ఆట అయ్యాక ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. నానమ్మ తన చుట్టూ చెయ్యి తిప్పి దగ్గరకు తీసుకుంటే ఏ పిల్లకైనా ధైర్యమే. "దసరా రోజు దిష్టి తగిలి అలా అయ్యింది" అనే మాట మాత్రం పాప వినేలా అనవద్దని చెప్పండి. జనం చూపు తగిలితే చెడు జరుగుతుందని విన్న పిల్ల వందల మంది చూపుల ముందుకు ఎలా వెళ్తుంది?

ఇంట్లో కుదిరాక జనం పెరగాలి. పక్కింటివాళ్లు ఇద్దరు ముగ్గురు. తర్వాత మిద్దె మీద, ఆమెతో పాటు నాట్యం నేర్చుకునే స్నేహితురాలిని పిలిచి ఇద్దరితో కలిపి. ఒక ఆదివారం తుమ్మలపెంట సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్లండి. కావలి నుంచి దగ్గరే కదా. ఇసుకలో ఆడమనండి, పట్టు బట్టలు లేకుండా, మామూలు గౌనులో. అక్కడ తెలియనివాళ్లు చూస్తారు, చూసి తమ దారిన పోతారు. అలల హోరులో పాట సరిగా వినిపించదు, కాళ్లు ఇసుకలో కూరుకుపోతాయి, తప్పులు పోతాయి, అందరూ కలిసి నవ్వుకుంటారు. తనను చూసి నవ్వడం వేరు, తనతో కలిసి నవ్వడం వేరు అని పాపకు మాటలతో చెప్పలేం. అక్కడ తెలుస్తుంది.

చివరి వారంలో ఒకసారి నెల్లూరు వెళ్లి టౌన్‌హాలు చూపించండి. గురువుగారితో చెప్పి ఖాళీగా ఉన్న సమయం కనుక్కోండి. పాప వేదిక ఎక్కి అటూ ఇటూ పరుగెత్తాలి, తెర వెనుక ఏముందో చూడాలి, ఖాళీ కుర్చీల్లో కూర్చుని మిమ్మల్ని వేదిక మీద నిలబెట్టి చూడాలి. "అమ్మా, నువ్వు చిన్నగా కనిపిస్తున్నావు" అంటుంది. బాత్రూము ఎక్కడుందో కూడా చూపించండి. చిన్నపిల్లలకు ఇది మనం అనుకున్న దానికంటే పెద్ద బెంగ. ప్రదర్శన రోజు దీపాల వెలుగు కళ్లలో పడుతుందని, ఎదురుగా జనం చీకట్లో కలిసిపోయి సరిగా కనిపించరని ముందే చెప్పండి. మొదటిసారి వేదిక ఎక్కిన పిల్లలు చాలామంది ఆ చీకట్లో అమ్మ కోసం వెతికి, కనిపించక ఏడుస్తారు.

గురువుగారితో మీరు మాట్లాడవలసినవి కొన్ని ఉన్నాయి, మొహమాటపడకండి. పాపను వరుస చివర నిలబెట్టవద్దని అడగండి. రెండో వరుసలో, ఇద్దరు స్నేహితురాళ్ల మధ్య నిలబెట్టమనండి. చివర ఉన్న పిల్లకు ఒక పక్క అంతా ఖాళీ, ఆ ఖాళీలోకే పారిపోవాలనిపిస్తుంది. అందరితో కలిసి లోపలికి రావాలి, అందరితో కలిసి వెళ్లిపోవాలి. తప్పు పోయినప్పుడు పక్క నుంచి గురువుగారు గట్టిగా పేరు పెట్టి పిలవకూడదు. మంచి గురువులు ఇవన్నీ అడగకుండానే చేస్తారు, ముప్పై మంది పిల్లల హడావుడిలో మరిచిపోతారు, అంతే.

ఇంకొకటి కూడా గురువుగారి చేతిలో ఉంది. అద్దం ముందు తప్పు లేకుండా చేసే పిల్ల వేదిక మీద ఎందుకు బిగుసుకుపోతుంది? రాబర్ట్ జయన్స్ అనే శాస్త్రవేత్త 1965లో చెప్పిన విషయం నాట్యం నేర్పేవాళ్లందరికీ పనికొస్తుంది. బాగా ఒంటబట్టిన పనిని నలుగురు చూస్తుంటే ఇంకా బాగా చేస్తాం, సగం వచ్చిన పనిని నలుగురి ముందు మరీ పాడుచేస్తాం. మీ పాపకు నాట్యం వచ్చిందనే అనుకుంటారు మీరు. అద్దంలో తనను తాను చూసుకుంటూ చేయడం మాత్రం వచ్చింది. అద్దం లేనిచోట వస్తుందా? ఈ రోజే అద్దానికి వీపు పెట్టి చేయించి చూడండి. ఆపైన గదులు మార్చండి, ముఖం పెట్టే దిక్కు మార్చండి. పాటను మధ్యలో నుంచి పెట్టి అక్కడి నుంచి అందుకోమనండి. చిన్నపిల్లలు నాట్యాన్ని పూసల దండలా నేర్చుకుంటారు, ఒక్క పూస జారితే మొత్తం జారిపోతుంది. మధ్యలో నుంచి అందుకోవడం అలవాటైన పిల్లకు ఒక అడుగు మరిచిపోవడం పెద్ద సంగతి కాదు.

మరిచిపోతే ఏం చేయాలో కూడా నేర్పాలి. నా దగ్గర పిల్లలందరికీ ఇది మొదటి నెలలోనే చెప్పేదాన్ని: ఏమీ గుర్తు రాకపోతే అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడు, చేతులు నడుం మీద పెట్టుకో, తాళానికి కాళ్లు కొట్టు, పల్లవి మళ్లీ రాగానే కలిసిపో. చూసేవాళ్లకు అది తప్పులా కనిపించదు. ఇంట్లో కావాలని మధ్యలో "మరిచిపోయావు!" అని అరిచి, దాన్ని ఆటలా ఆడించండి. మీరు కూడా పక్కన నిలబడి మరిచిపోండి. చివరి పది రోజుల్లో కొత్త ముద్రలు, కొత్త భంగిమలు ఏవీ పెట్టవద్దని గురువుగారిని వేడుకోండి. ప్రదర్శన దగ్గర పడిందంటే మెరుగులు దిద్దాలని మా చేతులు దురద పెడతాయి. ఆరేళ్ల పిల్లల విషయంలో ఆ దురద అణచుకోవాలి.

చూపు ఎక్కడ పెట్టాలో కూడా నాట్యమే చెబుతుంది. చెయ్యి ఎటు వెళ్తే చూపు అటు వెళ్లాలని, చూపు వెళ్లిన చోటికే మనసు వెళ్లాలని నాట్యం నేర్చుకునే ప్రతి పిల్లకూ తొలి పాఠాల్లోనే చెబుతారు. రసం పుట్టడం కోసం చెప్పిన మాట అది. భయానికి కూడా మందే. తన వేలి కొసను చూస్తున్న పిల్ల జనాన్ని లెక్కపెట్టలేదు.

మాటల విషయం. "భయపడకు" అనకండి. "భయమెందుకు, నేనున్నాగా" కూడా అంత పనికిరాదు. గుండె దడదడలాడుతుంటే అది ఆగమంటే ఆగదు. 2014లో హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ పెద్దవాళ్ల మీద కొన్ని ప్రయోగాలు చేశారు. పాడేముందు, ఉపన్యాసం ఇచ్చేముందు "నేను శాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు బాగా చేశారు. దడ రెండింటికీ ఒకటే, పేరు మారింది. పిల్లల మీద చేసిన ప్రయోగం కాదు కాబట్టి దాన్ని మరీ నెత్తిన పెట్టుకోవద్దు. నేను మాత్రం పిల్లల చెయ్యి వాళ్ల గుండె మీద పెట్టించి "చూశావా, కాళ్ల గజ్జెలు ఇంకా మోగలేదు, లోపలి గజ్జెలు అప్పుడే మొదలుపెట్టాయి" అనేదాన్ని. దాదాపు ప్రతి పిల్లా వినడానికి తల వంచేది. దాంతో పాటు ఊపిరి ఒకటి. వేడి రాగిజావ గిన్నె చేతిలో ఉన్నట్టు పట్టుకుని, మెల్లగా, పొడవుగా ఊదమనండి. పొడవుగా వదిలిన ఊపిరి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అయిదారుసార్లు చాలు. అయితే ఆ రోజే కొత్తగా చెబితే పని చేయదు. ఇప్పటి నుంచి రోజూ పడుకునే ముందు ఊదించండి, నిజంగా జావ పెట్టేటప్పుడు కూడా.

"అందరూ నిన్నే చూస్తారు, బాగా చేయాలి" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. "మన పరువు" అనేది అసలే వద్దు. ఆరేళ్ల పిల్ల భుజాల మీద ఇంటి పరువు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ప్రదర్శన రోజున. బస్సులో గంటకు పైగా ప్రయాణం, పాపకు బస్సు పడదంటే రైల్లో వెళ్లండి. పట్టు దుస్తులు, వడ్డాణం, సవరం, రాకోడి, పాపిడిబిళ్ల అన్నీ ముందే ఇంట్లో రెండుసార్లు తొడిగి, వాటితోనే ఆడించండి. గుచ్చుకునే పిన్ను, బిగుసుకుపోయే జడ వేదిక మీద భయాన్ని రెట్టింపు చేస్తాయి. దుస్తులు కట్టే ముందు బాత్రూముకు తీసుకెళ్లండి, కట్టాక విప్పడం పెద్ద పని. రెండు గంటల ముందు ఇడ్లీ లాంటి తేలిక తిండి పెట్టండి. ఆకలితోనూ, నిండు కడుపుతోనూ ఆడించకండి. తర్వాత దాహానికి గుక్కెడు గుక్కెడుగా మంచినీళ్లు.

మన సభల్లో చిన్నపిల్లలను నిజంగా పాడుచేసేది ఒకటుంది, ఎదురుచూపు. ఆరు గంటలకని చెబుతారు. ముఖ్య అతిథి ఏడున్నరకు వస్తారు. జ్యోతి వెలిగించడం, శాలువాలు, ఉపన్యాసాలు. అప్పటికి మధ్యాహ్నం మూడింటికి ముఖాలకు రంగు వేయించుకున్న పిల్లలు గోడకు ఆనుకుని కునుకుతుంటారు. ఆకలి, నిద్ర, ఉక్క. తొమ్మిదింటికి లేపి వేదిక మీద నిలబెడితే ఏ పిల్ల ఏడవదు? దాన్ని భయం అంటారు! నిర్వాహకులను, గురువుగారిని ఇప్పుడే అడగండి: ఎనిమిదేళ్లలోపు పిల్లల అంశం ఉపన్యాసాలకు ముందే పెట్టమని. మీరొక్కరే కాదు, మిగతా తల్లులను కూడా కలుపుకుని అడగండి. ఒప్పుకోకపోతే పాపకు ముఖం రంగు, నగలు ఆఖరి గంట వరకు వేయించకండి. ఒక చాప, ఒక విసనకర్ర, ఆమెకు ఇష్టమైన బొమ్మ పట్టుకెళ్లండి.

మీరు ఎక్కడ నిలబడాలి? ముందు వరుసలో కూర్చుని చేతులతో అడుగులు చూపిస్తూ ఉండకండి. పాప చూపు మీకే అతుక్కుంటుంది, మీరు ఒక అడుగు తప్పితే ఆమె కూడా తప్పుతుంది. పక్క తెర దగ్గర, ఆమె లోపలికి వచ్చే దారిలో నిలబడండి. ఎక్కడ ఉంటారో ముందే చూపించండి, అక్కడి నుంచి కదలకండి. ఫోను సంచిలో పెట్టండి. ఇంటివాళ్లెవరూ ఆ రోజు వీడియో తీయరని పాపకు మాటివ్వండి, నిలబెట్టుకోండి. ఆమె మళ్లీ అడిగిన రోజున తీద్దురు గాని.

ఇన్ని చేశాక కూడా ఆ క్షణాన ఎక్కనంటే? ఎక్కించకండి. ఆ సంగతి గురువుగారికి ముందే చెప్పి ఉంచండి, వరుసలో ఒకరు తగ్గినా పాట సాగేలా. పాపకు ఒక చిన్న పని ఉంచమనండి, పూలపళ్లెం పట్టుకుని పక్కన నిలబడటమో, చివర్లో అందరితో కలిసి నమస్కారానికి మాత్రం రావడమో. నమస్కారానికి వచ్చినా ఆమె వేదిక ఎక్కినట్టే. దసరా నాటి పందిట్లో నుంచి అంత దూరం నడిచి వచ్చినట్టే. మరో మూడు నెలలకో ఆరు నెలలకో మిగతాది నడుస్తుంది.

నెల్లూరు మలై కాజా సంగతి ఇప్పుడే, ప్రదర్శనకు చాలా ముందే చెప్పేయండి: ఆడినా కొందాం, ఆడకపోయినా కొందాం అని. ఆడితేనే ఇస్తామన్న తీపి పిల్లలకు చేదవుతుంది. తిరుగు ప్రయాణంలో "ఎలా చేశావు, ఎక్కడ తప్పు పోయింది" అని అడగకండి, పక్క సీటువాళ్లకు ఏదీ వివరించకండి. గజ్జెలు విప్పి, ఆ పాదాలు మీ ఒడిలో పెట్టుకుని మెల్లగా ఒత్తండి. కాజా పొట్లం విప్పి మొదటి ముక్క ఆమె చేతికే ఇవ్వండి. కావలి వచ్చేలోపు నిద్రపోతే లేపకండి, మీవారిని భుజాన వేసుకుని దిగమనండి.